బ్రేకు బాగా పడుతోంది

మా ట్రైలరు గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారని నాకు తెలుసు. వరదలో అక్కరకి రాలేదనీ, షెడ్డులో దిష్టిబొమ్మలా నిలబడిపోయిందనీ అనేవాళ్ళున్నారు. గిట్టనివాళ్ళు ఏమైనా అంటారు. అది రాష్ట్రంలోకెల్లా భద్రమైన ట్రైలరు. ఈ మాట నా సొంతం కాదు, మా హాల్లో గోడకి వేలాడుతున్న ప్రశంసాపత్రంలో ఉంది. ఆ పత్రంలో ఏమేం రాయాలో ఇక్కణ్ణుంచి నేనే రాసి పంపాను గనక నాకు కంఠతా వచ్చు.

నేను విపత్తు సన్నద్ధత కార్యాలయంలో సూపరింటెండెంటుని. గౌతమి గట్టుకి కూతవేటు దూరంలో మా ఆఫీసు. మా పెద్దాయన డిప్యూటీ డైరెక్టరు, అందరికీ డి.డి. గారు, పేరు ద్వివేదుల విశ్వపతి. ఆయనకి ఆలోచనలు వస్తాయి, వాటికి నేను వాక్యాలు తొడుగుతాను. ఇన్నేళ్ళలో మా ఆఫీసు నుంచి క్రియాపదం లేని వాక్యం ఒక్కటి కూడా బయటికి పోలేదు. క్రియ జరిగిందా లేదా అన్నది వేరే శాఖ చూసుకోవాలి.

కిందటేడు మాకు ఒక రక్షణ పడవ మంజూరైంది. ఫైబరు పడవ, వెనకాల ఇంజను, పదిమందీ పిల్లాజెల్లా పడతారు. దాన్ని మోసుకెళ్ళడానికి ఒక ట్రైలరు కూడా ఇచ్చారు. పడవ వచ్చింది గనక, ఏటి నడుమ ఉన్న బొండాడలంకకి ఎప్పట్నుంచో తిరుగుతున్న రేవు పడవని పైవాళ్ళు ఎత్తేశారు. ఒకే జనానికి రెండు పడవలు ఉండడం దుబారా అట.

ఆ మర్నాడే లంక సర్పంచి మల్లాడి నూకరత్నం మా ఆఫీసుకొచ్చింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం అవతలి గట్టుకి వినిపిస్తుంది.

"అయ్యగారూ, వరదొచ్చినప్పుడు మీ పడవొత్తాది, సరేనండీ. మరి రోజూ పిల్లలు ఇవతల పెద్దబడికెల్లొద్దాండీ? ముసలోళ్ళు ఆసుపత్రికి రావద్దాండీ? మా పడవ మాకిప్పించండి."

డి.డి. గారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఉపన్యాసం మొదలన్నమాట.

"అమ్మా, ఇది సాధారణ పడవ కాదు. ఆపద సంభవించిన తక్షణమే, అత్యాధునిక విద్యుత్ హైడ్రాలిక్ బ్రేకు వ్యవస్థ కలిగిన వాహనంపై మీ ముంగిటికి చేరుకుంటుంది."

"మా ముంగిట్లో ఏరుంటాదండీ. ఏట్లో బ్రేకులెందుకండీ?"

ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పడం మొదలుపెడితే ప్రభుత్వాలు నడవవు. డి.డి. గారు కళ్ళజోడు పెట్టేసుకున్నారు. "వరద రానీ, నీకే తెలుస్తుంది" అని నేను ఆవిణ్ణి వరండాదాకా సాగనంపాను.

ఆ బ్రేకు సంగతి కాస్త చెప్పాలి. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జీపు డ్రైవరు బ్రేకు మీద కాలేస్తే, జీపులోంచి ఒక తీగ వెంట కరెంటు ట్రైలరుకి వెళ్తుంది. ట్రైలరు మెడ దగ్గర ఒక మోటారు డబ్బా ఉంటుంది. కరెంటు అందగానే ఆ మోటారు నూనెని గొట్టాల్లోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి చక్రాలు బిగుసుకుంటాయి. పొరపాటున దార్లో ట్రైలరు జీపు నుంచి ఊడిపోతే? అందుకూ ఏర్పాటుంది. జీపుకి తగిలించే సన్నటి ఇనప తాడు ఒకటి, దాని చివర వేలెడంత పిన్ను. ట్రైలరు ఊడితే తాడు పిన్నుని లాగేస్తుంది. పిన్ను వచ్చేస్తే ట్రైలరు మీదున్న బ్యాటరీ నేరుగా మోటారుని తిప్పుతుంది, బ్రేకు పడిపోతుంది. పిన్ను మళ్ళీ దాని కన్నంలో పెట్టేదాకా వదలదు.

ఇక ప్రారంభోత్సవం. మంత్రిగారు వచ్చారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయ అన్నీ ఉన్నాయి, కత్తెర లేదు. రిబ్బను కూడా లేదు, ఎందుకంటే రెండూ తెచ్చే బాధ్యత ఒకరికే అప్పగించాం. మంత్రిగారు అప్పటికే చెయ్యి చాపేశారు. ఫొటోలవాళ్ళు వంగారు. చాపిన చెయ్యి ఖాళీగా వెనక్కి వెళ్తే మా డి.డి. గారి ఉద్యోగం దాంతోపాటే వెళ్తుంది. ఆయన అటూ ఇటూ చూసి, ట్రైలరు మెడ దగ్గర వేలాడుతున్న ఇనప తాడుని రెండు చేతులతో అందించి, "సార్, లాగండి" అన్నారు.

మంత్రిగారు లాగారు. పిన్ను ఊడి చేతిలోకొచ్చింది. మోటారు జుయ్యిమంది, చక్రాలు కిర్రున బిగుసుకున్నాయి. ఇంత శబ్దం చేసిన ప్రారంభోత్సవం మా జిల్లాలో ఇంతకుముందు లేదు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మంత్రిగారు ఆ పిన్నుని డి.డి. గారి చేతిలో పెట్టి, "భద్రంగా ఉంచండి" అని కారెక్కారు.

భద్రంగానే ఉంచాం. ఎర్ర ముఖమల్ గుడ్డ మీద పెట్టి, అద్దాల పెట్టెలో బిగించి, డి.డి. గారి కుర్చీ వెనక గోడకి తగిలించాం. కింద ఇత్తడి పలక. పలక మీది రెండు వాక్యాలూ నావే.

జీపు డ్రైవరు సలాది ధర్మరాజు ఆ సాయంత్రమే గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"అయ్యా, ఆ పిన్ను పెట్టకపోతే బండి కదలదండి."

"ధర్మరాజూ, అది ఇప్పుడు పిన్ను కాదయ్యా, జ్ఞాపిక" అన్నారు డి.డి. గారు. "మంత్రివర్యుల హస్తాలతో వెలువడినది. దాన్ని మళ్ళీ యథాస్థానంలో ప్రవేశపెట్టడమంటే ప్రారంభోత్సవాన్ని ఉపసంహరించుకోవడమే. అంతటి అధికారం నాకుందా?"

"వేరే పిన్ను కొనొచ్చుగదండి?"

"ఏమని కొంటాం? ఒకటి పోయిందని రాయాలి. పోలేదుగా, నా వెనకే ఉంది."

ధర్మరాజు నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. విషయం మా ఆఫీసులో అందరికీ తెలుసు, తోటమాలితో సహా. తెలియకపోవడం మా ఇబ్బంది ఎప్పుడూ కాదు.

తర్వాత సురక్షా పరిశీలకులు కొచ్చర్లకోట పురుషోత్తం గారు వచ్చారు. ఏ వాహనం రోడ్డెక్కాలన్నా ఆయన బ్రేకు పరీక్ష పెట్టి మార్కులు వేయాలి. ఆయన ట్రైలరుని జీపుకి కట్టించి, జీపుని ముందుకి పోనిమ్మన్నారు. జీపు మూలిగింది, పొగ వదిలింది, టైర్లు మట్టిలో గుంటలు తీశాయి. ట్రైలరు వెంట్రుకవాసి కదల్లేదు. పురుషోత్తం గారి మొహం వికసించింది.

"నా సర్వీసులో ఇటువంటి బ్రేకును నేను చూడలేదు" అంటూ మార్కులన్నీ వేసేశారు.

"అయ్యా, వదుల్తాదో లేదో కూడా చూడరాండి?" అన్నాడు ధర్మరాజు.

పురుషోత్తం గారు జాలిగా నవ్వారు. "నాయనా, బ్రేకు యొక్క ధర్మం పట్టుట. వదులుట అనగా బ్రేకు లేని స్థితి. లేనిదానిని పరీక్షించే అధికారం మా శాఖకు లేదు."

అలా బండి సాగింది, అంటే సాగలేదు. అంతా సవ్యంగా ఉన్న సమయంలో ఒక ఎండాకాలం పొద్దున్న అనర్థం జరిగింది. షెడ్డు నీడకి వచ్చిన గేదె ఒకటి వీపు గోక్కోడానికి ట్రైలరుకి ఒరిగింది. ట్రైలరు జానెడు ముందుకి జరిగింది.

ఆఫీసంతా గగ్గోలు. ఎవరో అరుస్తూ డి.డి. గారి గదిలోకి పరిగెత్తారు. ఆయన కాఫీ వదిలేసి లేచొచ్చి, నేల మీద చక్రం గీసిన గీతని చూసి గోడ పట్టుకున్నారు. మార్కులన్నీ కొట్టేసిన బ్రేకు ఒక గేదెకి లొంగిపోయింది!

వెంటనే లోపాన్వేషణ సంఘం వేశాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సంఘం ఉత్తుత్తి సంఘం అనుకునేరు. విద్యుత్ విభాగం నుంచి, హైడ్రాలిక్ విభాగం నుంచి మంచి పనితనం ఉన్న ఇంజనీర్లు ఇద్దరొచ్చారు. వాళ్ళు పద్ధతిగా పని చేయడం నేను కళ్ళారా చూశాను. ముందు జీపులో, డ్యాష్‌బోర్డు కింద ఉన్న చిన్న పెట్టె చూశారు. అందులో మామూలు కరెంటు బ్రేకుకి ఒక అమరిక, నూనె బ్రేకుకి ఒక అమరిక ఉంటాయి. సరైన దానిమీదే ఉంది. తర్వాత మీటరు పట్టుకుని తీగ తీగా తడిమారు. ఎర్తు తీగ ట్రైలరు చట్రానికి తగిలేచోట తుప్పు పట్టింది, గీకి మళ్ళీ బిగించారు. నూనె మట్టం చూశారు, కాస్త తగ్గింది, పోశారు. గొట్టాల్లో గాలి చేరితే మోటారు ఎంత తిరిగినా ఒత్తిడి రాదని, ఒక్కొక్క చక్రం దగ్గరా మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా నూనె కార్చారు. చివరికి బ్యాటరీ దగ్గరికి వచ్చారు. అది చచ్చిపోయి చాలా రోజులైంది.

"లోపం దొరికింది. బ్యాటరీలో శక్తి లేనందున బ్రేకు వదిలేస్తోంది" అని ప్రకటించారు.

వాళ్ళిద్దరూ పిన్ను కన్నాన్ని చూశారు. వేలు పెట్టి మరీ చూశారు. ఒకాయన మరొకాయన చెవిలో ఏదో అన్నాడు. కానీ సంఘానికి మేము అప్పగించిన ప్రశ్న 'బ్రేకు ఎందుకు వదిలింది' అని. ఎందుకు పట్టింది అని కాదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పేంత అమర్యాదస్థులు కారు వాళ్ళు.

కొత్త బ్యాటరీ వచ్చింది, పాతదానికి రెట్టింపు. దానికి రాత్రీపగలూ కరెంటు ఇచ్చే ఛార్జరు. కరెంటు పోతే? ఆఫీసు ఇన్వర్టరుని ఫ్యాన్ల నుంచి తప్పించి ఛార్జరుకి కలిపారు. మేం చెమటలు కక్కుతూ పనిచేసేవాళ్ళం, షెడ్డులో మోటారు మాత్రం హాయిగా జుమ్మంటూ ఉండేది. అది కాలిపోతే వేసుకోడానికి ఇంకో మోటారు కూడా తెప్పించి పెట్టాం. మరమ్మతు ఫలించిందని రుజువు చేయడానికి అదే గేదెని రప్పించాలన్నారు డి.డి. గారు. రప్పించాం. అధికారులందరూ చుట్టూ నిలబడేసరికి గేదెకి దురద పోయింది. గడ్డి చూపించాం, వీపు మీద నీళ్ళు చల్లాం, ఆఖరికి దాని యజమాని వెనకనుంచి నెడితే ఒరిగింది. ట్రైలరు కదల్లేదు. డి.డి. గారు గేదె మెడలో దండ వేశారు.

ప్రశంసాపత్రం ఆ తర్వాత వచ్చిందే. పక్క జిల్లాల వాళ్ళు అధ్యయనానికి వచ్చి, వాళ్ళ ట్రైలర్ల పిన్నులు కూడా పీకి అద్దాల పెట్టెల్లో పెట్టుకున్నారు. ముఖమల్ గుడ్డ ఎక్కడ దొరుకుతుందో నేనే చెప్పాను.

శ్రావణంలో వరద వచ్చింది.

పైన ఎక్కడో కురిసిన వానంతా ఒక్కసారి మా మీదికి దిగింది. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. పొద్దున్న నేను గట్టెక్కి చూస్తే బొండాడలంకలో కొబ్బరిచెట్ల మొదళ్ళు కనిపించడం లేదు. ఆఫీసుకొచ్చేసరికి నూకరత్నం వరండాలో నిలబడి ఉంది, చీర పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉంది. వెనకాల లంక కుర్రాళ్ళు, గట్టు మీది వాళ్ళ చుట్టాలు. వేటకెళ్ళే చిన్న నావల్లో ప్రాణాలకి తెగించి దాటొచ్చారు.

"అయ్యగారూ, పడవియ్యండి. ముసలోళ్ళు, బాలింతలు, పిల్లలు బడి మేడ మీదున్నారండీ. మా నావల్లో ఎక్కిత్తే బోల్తా కొట్టేత్తాయండీ. కింద గదిలోకి నీళ్ళొచ్చేసినియ్. మేడెంతసేపు నిలబడతాదో తెలీదు."

ఇదివరకటి గొంతు కాదది. డి.డి. గారు కూడా కంగారుపడ్డారు, ఆయన రాక్షసుడేం కాదు. "ధర్మరాజూ, తక్షణమే రక్షణ పడవని తరలించు!" అని కేకేశారు.

ధర్మరాజు జీపు కట్టి లాగాడు. కదల్లేదు. ఊళ్ళో కరెంటు పోయింది, ఆఫీసులో దీపం లేదు, ఫోను లేదు. ఇన్వర్టరు మీద బ్రేకు మాత్రం దివ్యంగా పడి ఉంది.

"బ్యాటరీ తీగ పీకేత్తానండి" అన్నాడు ధర్మరాజు.

"సురక్షా పరికరాన్ని ధ్వంసం చేసినట్టవుతుంది" అన్నారు డి.డి. గారు. "పురుషోత్తం గారి సమక్షం లేనిదే ముట్టుకోకూడదు."

"పోనీ పిన్నియ్యండి."

డి.డి. గారు అద్దాల పెట్టె వైపు చూశారు. చెయ్యి లేచింది, సగం దూరం వెళ్ళింది, మళ్ళీ దిగింది. "మంత్రివర్యులు వరద ప్రాంతాల పర్యటనలో ఉన్నారు. వారి అనుమతి..." అంటూ మాట మింగేశారు. ఆయన నుదుటిమీద చెమట చూస్తే నాకు జాలేసింది. ఆ చేతికి ముప్పై ఏళ్ళుగా దిగడమే అలవాటు.

నూకరత్నం ఆయన్నీ, ట్రైలరునీ, పెట్టెనీ ఒక్కసారి కలయజూసింది.

"అయ్యగారూ, మీ బండి మాకొద్దండీ. దాన్నుంచుకోండి. పైనున్న పడవ చాలు."

"పడవ, ట్రైలరు కలిపి ఒకటే యూనిట్టమ్మా. విడదీయడానికి..." డి.డి. గారు నావైపు తిరిగారు. "ఏమయ్యా, నిబంధన ఏముంది?"

నిబంధనలన్నీ నా నోట్లో ఉంటాయి. పడవని రోడ్డు మీద తరలించేటప్పుడు వాడదగిన చక్రాలు, టైర్లు, గాలి ఒత్తిడి, వెనక కట్టాల్సిన ఎర్రగుడ్డ వరకూ అప్పజెప్పగలను. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వెతికాను. బడి మేడ మీద పిల్లలు కళ్ళలో మెదిలారు.

"భుజాల ప్రస్తావన లేదండి" అన్నాను.

అంతే. నా మాట పూర్తయ్యేలోపే కుర్రాళ్ళు కట్లు విప్పేశారు. వేట నావల్ని ఒడ్డున ఇసకలోంచి ఎత్తే పద్ధతి వాళ్ళకి పుట్టుకతో వచ్చినదే. పడవ కిందనుంచి వాసాలు దూర్చి, ఇటు కొందరూ అటు కొందరూ భుజాలు పెట్టి, ఐలెస్సా అంటూ లేపారు. నూకరత్నం ముందు నడుస్తూ దారిలో రాళ్ళు, సైకిళ్ళు, మనుషుల్ని తప్పించింది. ధర్మరాజు ఇంజను నెత్తిమీద పెట్టుకుని వెనకే పరిగెత్తాడు. మా ఆఫీసు గేటు దాటి, టీ కొట్టు దాటి, గట్టెక్కి ఏట్లో దించడానికి, డి.డి. గారు అద్దాల పెట్టెకి తాళం వేసి ఉందో లేదో చూసుకున్నంతసేపు పట్టింది.

పొద్దువాలేలోగా లంకంతా ఇవతలికొచ్చింది. చివరి విడతలో ఒక బాలింతనీ, పొత్తిళ్ళలో బిడ్డనీ నేనే చెయ్యిచ్చి దింపాను. నాకు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు. ఆ మర్నాడు బడి మేడ కూలిపోయింది.

నివేదిక నేనే రాశాను. 'ఇంతటి విపత్కర పరిస్థితిలో సైతం మా ట్రైలరు తన స్థానం నుంచి అంగుళమైనా చలించలేదు' అన్న వాక్యం పైవాళ్ళకి బాగా నచ్చిందట.

అయితే డి.డి. గారికి ఆ భుజాలు మాత్రం గుచ్చుకుంటూనే ఉన్నాయి. నిబంధనల్లో కన్నం ఉండడం ఆయన భరించలేరు. వరద తీస్తూండగానే నన్ను పిలిచి ఉత్తర్వు రాయమన్నారు. రాశాను. 'ఇకమీదట కార్యాలయ పడవను నిర్దేశిత ట్రైలరుపై తప్ప, భుజాలపై గానీ, తలలపై గానీ, ఇతర వాహనాలపై గానీ, నేలమీద ఒక్క అడుగైనా కదపరాదు. ఉల్లంఘించినవారు శిక్షార్హులు.' డి.డి. గారు రెండుసార్లు చదువుకుని మురిసిపోయి సంతకం పెట్టారు. 'నేలమీద' అన్న మాట వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. ఆ ఉత్తర్వుని గట్టు మీద కూడా అంటించాం.

ఏరు శాంతించాక, లంకవాళ్ళు ఇళ్ళకి తిరిగెళ్ళిన పడవని వెనక్కి ఇవ్వమని చెప్పి రమ్మని డి.డి. గారు నన్ను లంకకి పంపారు. గట్టు మీద నిలబడ్డాను. అవతలినుంచి పడవ వచ్చింది, మా పడవే. సంచులు తగిలించుకున్న బడిపిల్లలు దిగారు, కొబ్బరి గంపలు దిగాయి, కర్ర పట్టుకున్న ముసలాయన దిగాడు. నేనెక్కాను.

నూకరత్నం ఇంటిముందు ఒండ్రు ఎత్తిపోస్తోంది. పార పక్కనపెట్టి, స్టూలు తుడిచి వేసింది. నేనొచ్చిన పని చెప్పాను.

"ఇచ్చేత్తామండీ. సర్కారు సొత్తు మాకెందుకండీ?" అంది వెంటనే. "ఎలా ఇమ్మంటారో చెప్పండి."

"ఎలా అంటే?"

"గట్టుదాకా నీళ్ళ మీద తెచ్చి నిలబెడతామండీ. ఆణ్ణించి మీ ఆఫీసుకి? మోసుకొచ్చేద్దారంటే మా కుర్రోళ్ళు సిద్ధంగానే ఉన్నారు. కానీ భుజం పెడితే శిచ్చని గట్టు మీద మీరే కాయితం అంటించారు. ట్రాక్టరు మీదేద్దారంటే అదీ కుదరదని అందులోనే ఉందంట, మా పిల్ల చదివి చెప్పింది." ఆవిడ మొహంలో ఎక్కడా నవ్వు లేదు. "మీ ట్రైలరుని గట్టు మీదకి అంపండి. అదొచ్చిన గంటలో ఎక్కించేత్తాం. మేళం కూడా పెట్టిత్తానండీ."

"ట్రైలరు కదలదు కదమ్మా."

"ఆయ్, తెలుసండీ. రాష్ట్రంలోకెల్లా భద్రమైందంట గదా."

లోపలినుంచి కోడలు టీ తెచ్చింది. తాగాను, చాలా బాగుంది.

"అయితే డి.డి. గారికి ఇదే చెప్పనా?"

"చెప్పండి. తొందరేం లేదని కూడా చెప్పండి."

రేవులో పడవ బడిపిల్లల కోసం ఎదురుగట్టుకి బయల్దేరుతోంది. నన్ను చూసి ఆపారు. పడవ వెనక్కి వచ్చే మార్గం ప్రస్తుతానికి లేదని మా పెద్దాయనకి మనవి చేసుకోవడానికి, ఆ పడవలోనే ముందు వరసలో కూర్చుని ఇవతలి గట్టుకి వచ్చేశాను.